సరోజ నిద్రలో అనని మాటలు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బొగ్గుబాయి కార్మికుణ్ణి. చదివింది తక్కువ, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కాలనీలో ఎవరు రిటైరైనా తమకు రావలసిందెంతో నాతోనే లెక్క కట్టించుకుంటారు.

పెళ్లైన కొత్తలో నా భార్య సరోజకు కరీంనగర్‌లో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. మరి డ్యూటీకి పోయే ముందు నాకు అన్నం డబ్బా ఎవరు కడతారు? నేను ఆలోచించింది అంతే. వద్దని ముఖం మీద అనే ధైర్యం మాత్రం లేదు.

ఆమెకు నిద్రలో మాట్లాడే అలవాటు. ఒక పొద్దున చాయ్ ఇస్తూ నవ్వుతూ అడిగింది.

“రాత్రి ఏమన్న అన్ననా?”

“మన ఇద్దరి నడుమ ముచ్చట్లన్ని అంటున్నవ్. పచ్చిపచ్చిగ.”

“థూ! ఉత్తగనే చెప్తున్నవ్.”

“నవ్వకు సరోజా. హాస్టల్ల అందరి నడుమ గట్లనే అంటే ఇజ్జత్ ఉంటదా?”

నవ్వు ఆగిపోయింది. హాస్టలుకు పోలేదు.

నిజానికి ఆమె అనేది ఒకటే. “నల్లా వచ్చింది, బిందె పెట్టు.”

తర్వాత ఇదేం రోగమోనని భయపడి నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు పోయింది. మామూలుగా దీనికి భయపడక్కర్లేదని, కేకలు పెట్టి మంచం దిగి కొట్టుకుంటే మాత్రం రమ్మని డాక్టర్ చెప్పాడు. ఇంతకూ ఏం మాట్లాడుతుందని నన్నడిగాడు. అప్పుడైనా చెప్పి ఉంటే అక్కడితో తీరిపోయేది, కానీ నేను తల వంచుకుని సరిగ్గా వినపడదన్నాను. నేను తన పరువు కాపాడుతున్నాననుకుని సరోజ నా వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఉంది. ఆ చూపును నేను ఎట్లా తీసుకోగలిగాను?

అప్పటినుంచి ఆమె ఎవరింట్లోనూ రాత్రి ఉండలేదు.

మొన్న మా బిడ్డ కాన్పుకు దవాఖానలో చేరింది. సరోజ ఫోన్లో అంటోంది: “పొద్దంత ఉంట బిడ్డా. రాత్రికి మీ అత్తమ్మను ఉంచుకో.” నువ్వే ఉండమ్మా అని అవతల బిడ్డ ఏడుస్తోంది. ఇక ఆగలేకపోయాను. ఆమె ఫోను పెట్టేయగానే అంతా చెప్పాను.

సరోజ సంచి తీసి మంచం మీద పెట్టింది.

“నన్ను గన్న మా అవ్వ దవాఖానల ఒక్కతే సచ్చిపోయింది,” అన్నది. “ఆడ పండుకుంటే ఏం మాట్లాడుతనో అని, నేను ఆఖరి బస్సుకు ఇంటికొచ్చిన.”

చీరలు సర్దుకుని బిడ్డ దగ్గరికి వెళ్లింది. ఎప్పుడొస్తావని అడిగే హక్కు నాకుందా? 

ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది. పట్టినందుకు సిగ్గుగా ఉంది.