తొందరబాబు పీపా

గోదాములో అందరూ అతన్ని తొందరబాబు అనేవాళ్ళు. మొక్కజొన్నతో బోర్బన్ విస్కీ కాచే చిన్న కార్ఖానా అది. కాచిన సరుకును, లోపల కాల్చి నల్లబరిచిన ఓక్ చెక్క పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి వదిలేస్తారు. తర్వాత బాగా కుదిరిన నాలుగైదు పీపాలు ఏరి, కలిపి, సీసాలకు ఎత్తుతారు. రుచి చూసి ఏరే పని అతని మేనమామది. ఆ పని తన చేతికి రావాలని తొందరబాబు కోరిక.

"ఇది నీది. దీన్ని ఏరికలో నిలబెట్టు, రుచి చూసే నా బల్ల నీకిచ్చేస్తా. ఓపిక పట్టాలి మరి" అన్నాడు మామ, రేకుల కిందున్న ఒక కొత్త పీపాను తట్టి.

ఓపిక అనే మాట ఎప్పుడూ తాళంచెవులున్నవాళ్ళ నోటినుంచే వస్తుంది. మొదటి వేసవి గడవకముందే తొందరబాబు బిరడా ఊడదీసి, రాగి గొట్టం దించి కాస్త తీశాడు. పచ్చి వాసన. వాన పడితే ఒకసారి, ఎండ ముదిరితే ఒకసారి, మామతో మాటామాటా వస్తే ఇంకోసారి తీసేవాడు. గ్లాసులో తిప్పి, రెండు చుక్కల నీళ్ళు కలిపి, నోరు కొద్దిగా తెరిచి వాసన పట్టేవాడు. ఒకనాడు మాడిన చక్కెర వాసన తగిలింది. ఆ పూట అతను ఒకచోట కూర్చోలేకపోయాడు.

"పడుకున్న పిల్లాణ్ణి లేపి నిద్రపట్టిందా అని అడుగుతారా ఎవరైనా?" అంది సీసాలకు చీటీలు అంటించే అతని భార్య.

"నీకేం. నీ జిగురు గంటలో ఆరిపోతుంది."

"మిమ్మల్ని కట్టుకుని ఇన్నేళ్ళయింది, మీరింకా ఆరలేదుగా."

కొన్నేళ్ళకు, ఏరికనాడు మామ గుర్తుల్లేని గ్లాసులు వరసగా పెట్టాడు.

"ఈసారి నువ్వే చూడు. నువ్వు సరే అన్నవి నేను మళ్ళీ చూడను. కలిపేయడమే."

మూడో గ్లాసు దగ్గర అతను ఆగాడు. అదే మాడిన చక్కెర. నాలుక మీద పడగానే మాత్రం చేదు. తీసి తీసి పీపా సగం ఖాళీ చేశాడు. మిగిలిన కాస్తకూ చెక్క చేదు పట్టేసింది. మామ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బాగుందని ఒక్క మాట అంటే చాలు, బల్ల తనది. మిగతా పీపాలు కూడా దీంతోపాటు పాడవుతాయి, అంతే.

ఉమ్మేశాడు. "మూడోది వద్దు. చెక్క నమిలినట్టుంది."

"ఎవరిదో తెలుసా?"

"తెలియకేం మామయ్యా. సగం నేనే తాగేశాగా."

మామ నవ్వలేదు. బల్ల సంగతీ ఎత్తలేదు. పై అంతస్తులో కొత్తగా నింపిన పీపా ఒకటి చూపించి, సుత్తి అతని చేతికిచ్చాడు. గొట్టం మాత్రం తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

తొందరబాబు బిరడా బిగించి మెట్లు దిగాడు. సగంలో ఆగి, మళ్ళీ పైకెక్కి, బిరడాకు ముక్కు ఆనించాడు.

"ఏమండీ" అని కింద నుంచి భార్య కేకేసింది, "నిద్రపోయిందా?"

"ఇంకా లేదు" అన్నాడు, ముక్కు తీయకుండానే.