ఇంటిబండిలో ఈగలు

సింగపూర్ పడమటి కొసన తువాస్‌లోని ఓడ సామాన్ల గోదాములో సుభద్ర బండి తలుపు తీసిందో లేదో, ఈగలు మొహానికి కొట్టుకున్నాయి. లోపల కిటికీ అద్దం మీద, మడత మంచం మీద, స్టవ్వు చుట్టూ నల్లగా ముసిరి ఉన్నాయి. ఆవిడ గబుక్కున తలుపు వేసేసింది.

"ఏవైంది? పామా?" అన్నాడు వెనకాల చేతికర్రతో నిలబడ్డ భర్త పార్థసారథి.

"ఈగలండీ."

"ఓస్, ఈగలేనా."

తలుపు సందులోంచి తొంగిచూశాక ఆయన మళ్ళీ ఓస్ అనలేదు.

ఆ బండి మోటార్‌హోమ్. మంచం, సింకు, స్టవ్వు, ఓ మూల స్నానానికి చోటు, అన్నీ అందులోనే. పార్థసారథి బ్యాంకు ఉద్యోగంలో రిటైరైన ఏడాది సరదాపడి కొన్నారు. సుభద్ర దానికి ఇంటిబండి అని పేరు పెట్టింది. సింగపూర్ ఈ కొస నుంచి ఆ కొసకి గంటలో చేరిపోతారు కాబట్టి, దాంతో తిరగాలంటే వంతెన దాటి మలేషియా వెళ్ళాల్సిందే. యూ టీ పేటలో వాళ్ళ ఫ్లాట్ల బ్లాకు కింద అంత బండి పెట్టనివ్వరు. గోదాము నడిపే నెల్లూరు రంగనాథ్ తన షెడ్డులో ఓ వారగా చోటిచ్చాడు. ఈలోగా పార్థసారథి మోకాలికి ఆపరేషనైంది, బండి నెలల తరబడి కదల్లేదు. ఇప్పుడాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు కానీ, బండి నడపొద్దన్నాడు డాక్టరు. అందుకని ఈసారి మలేషియాలోని మెర్సింగ్ సముద్రతీరం దాకా తను తోలతానంది సుభద్ర. యాభై దాటాక మూడోసారికి లైసెన్సు తెచ్చుకున్న మనిషి ఆవిడ. ఇంటిబండిని ఆ షెడ్డు చుట్టూ తప్ప ఎక్కడా నడిపింది లేదు.

ముందు ఒక డబ్బా మందు కొట్టి చూసింది. ఈగలు కుప్పలుగా రాలాయి. శుభ్రంగా ఊడ్చి పారేసి, హాయిగా ఇంటికెళ్ళింది. రెండు రోజులాగి వచ్చేసరికి మళ్ళీ అన్నే ఉన్నాయి. ఈసారి సాంబ్రాణి వేసింది. పొగ కమ్ముకోగానే బండిలో అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. గోదాములోని కుర్రాళ్ళు మంటలార్పే సిలిండర్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకే రంగనాథ్.

"అక్కా, ఈడ నిప్పంటుకునే థిన్నరు డబ్బాలుండాయి. పొగేసే ముందు నాకొక మాట చెప్పుంటే బాగుండు," అన్నాడు మెల్లగా.

సుభద్రకి తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే రంగనాథ్. బుద్ధి లేకుండా చేశాను," అని, ధూపం గిన్నె మీద నీళ్ళు కుమ్మరించింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తండ్రి ఈ ముచ్చట చెబుతుంటే కూతురు మహతి నవ్వలేదు, తన సింగపూర్ ఇంగ్లీషులో అందుకుంది. "అమ్మా, జస్ట్ సెల్ ఇట్ లా. నాన్న డ్రైవ్ చెయ్యలేరు. యూ నెవర్ డ్రోవ్ ఆన్ ది హైవే. వై సో స్టబర్న్?"

"ఈగలొచ్చాయని బండి అమ్మితే, రేపు బల్లి కనబడితే ఫ్లాటు అమ్మాలే. పెరుగేసుకో," అంది సుభద్ర.

పైకి అలా అన్నా ఆ పిల్ల మాట ఆవిడ మనసులో కలుక్కుమంది. నిజానికి ఆవిడకీ భయంగానే ఉంది. ఈగలు పోకపోతే ప్రయాణం ఎలాగూ ఆగిపోతుంది కదా అని లోలోపల ఒక మూల హాయిగా కూడా ఉంది. ఆ హాయి తనకే నచ్చలేదు.

మర్నాడు చచ్చిన ఈగనొకదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని చూసింది. అది అన్నం మీద వాలే ఈగ కాదు. గింజంత ఒళ్ళు, నూగు పట్టిన రెక్కలు, చిన్న సైజు చిమ్మటలా ఉంది. బతికున్నవి కూడా ఎగిరి ఎగిరి సింకు పక్కనే వాలుతున్నాయి. ఇవి బయటినుంచి రావడం లేదేమో అనిపించింది. సింకు బొక్క మీద ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, జిగురు వైపు కిందికి ఉండేలా రెండు టేపు ముక్కలు అతికించి వెళ్ళింది. పొద్దున వచ్చి ఊడదీస్తే స్నానాల దగ్గరి టేపు శుభ్రంగా ఉంది. సింకు టేపు అడుగున మాత్రం ఈగలు నువ్వులద్దినట్టు అంటుకుని ఉన్నాయి.

సింకు కింద వంపు గొట్టంలో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలవుంటాయి. వాడిన నీళ్ళన్నీ బండి అడుగున ఒక తొట్టిలో చేరతాయి; అందులోని మురుగు వాసన, పురుగు పైకి రాకుండా ఆ నిలవనీళ్ళే అడ్డు. ఆపరేషనుకి ముందు, నీళ్ళు నిలిస్తే దోమలు పెరుగుతాయని, సుభద్ర స్వయంగా ఆ గొట్టం విప్పి గుడ్డపెట్టి చుక్క లేకుండా తుడిచింది. కింది తొట్టి సంగతి మాత్రం మర్చిపోయింది. అందులో పాత ప్రయాణం నాటి గంజి, చారు నీళ్ళు జిగటగా పేరుకుని ఉన్నాయి.

"దోమలకి తలుపేసి ఈగలకి తలుపు తీశానండీ," అంది భర్తతో. ఇద్దరూ పగలబడి నవ్వారు.

రంగనాథ్‌ని అడిగి బండిని లారీలు కడిగే చోటికి తెచ్చింది. తొట్టి మూత తీయగానే వచ్చిన కంపుకి పార్థసారథి కూర్చున్న స్టూలు నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఆవిడ ముక్కుకి చున్నీ కట్టుకుని, వేడినీళ్ళు, సబ్బు పోసి, పొడుగాటి బ్రష్షుతో గొట్టమూ తొట్టీ తోమింది. ఆయన రబ్బరు పైపుతో నీళ్ళు కొడుతూ కూర్చున్నాడు.

"నాకు మోకాలు మార్చిన చోట కూడా ఇంత కడగలేదోయ్," అన్నాడు.

ఆఖర్న వంపు గొట్టంలో నీళ్ళు పోసి, అవి ఎండిపోకుండా, దోమ గుడ్డు పెట్టకుండా, పైన చెంచాడు వంటనూనె వేసింది. మొదట్లో ఒకటీ అరా ఈగ కనబడేది. తర్వాత అవీ లేవు.

శనివారం తెల్లారాక బయల్దేరారు. మలేషియాకి దాటే తువాస్ వంతెన ఎక్కేటప్పుడు సుభద్ర ఒక్కో అరచెయ్యీ చున్నీకి తుడుచుకుంది. పక్కన పార్థసారథి లేని బ్రేకుని మంచి కాలితో తొక్కుతున్నాడు.

"అక్కడ బ్రేకు లేదండీ."

"తెలుసు. నాకు ధైర్యంగా ఉంటుందని."

ఓ కంటైనర్ లారీ రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. ఆవిడ చేతిలో స్టీరింగు అదరలేదు. జొహోర్ పట్నం దాటి, రెండువైపులా పామాయిలు తోటలు మొదలయ్యేసరికి భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. మధ్యాహ్నానికి మెర్సింగ్ చేరారు.

సుభద్ర తలుపులు బార్లా తెరిచి ఉప్మా చేసింది. పార్థసారథి కర్ర ఇసకలో దిగబడుతుంటే తిట్టుకుంటూనే నీళ్ళ దాకా నడిచాడు. అక్కణ్ణించే మహతికి ఫోన్ చేశాడు.

"మీ అమ్మ రేపు తీరం వెంబడే ఇంకా పైకి, క్వాంటాన్ దాకా పోదామంటోంది. నేనేం చెయ్యను, తాళాలు ఆవిడ దగ్గరున్నాయి."