ఎండిన బోరులో పాడిన ఆల్బమ్

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఉంటే మా బ్యాండు పాటలు రాసేవాణ్ణే కాదు, వాటి నిండా శవాలే. టెక్నికల్ బ్రూటల్ డెత్ మెటల్ అంటారు దాన్ని. చెవులు చిల్లులు పడే డ్రమ్స్, లెక్క తప్పితే మళ్లీ దొరకని తాళం, కడుపులోంచి గుర్రుమనే గొంతు. గుంతకల్లులో మా వీధివాళ్లు దాన్ని పాటని ఒప్పుకోలేదు.

బ్యాండంటే ఇద్దరమే. నేను రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. గిటారు నాది, డ్రమ్స్ మిషన్‌లో కొట్టేవాణ్ణి. గొంతు నాగరాజుది. వాడు పక్కపల్లెలో వేరుశనగ రైతు కొడుకు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు మొహం చాటేసిన ఏడాది, మొదటి ఆల్బమ్ రికార్డు చేశాం.

స్టూడియోకు పోయే స్తోమత లేదు. బెంగళూరు స్నేహితుడి దగ్గర గొంతును, వాయిద్యాలను విడివిడిగా ఎక్కించే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు అడిగి తెచ్చుకున్నాం. గొంతుకు లోతు కావాలి. నాగరాజు వాళ్ల చేనిలో ఐదు బోర్లు వేస్తే ఐదూ ఎండినవే. చివరిదాని మీద మూసిన బండను పక్కకు తోసి, మైకును వైరు పట్టుకుని పైపులోకి దించాం. వాడు నేల మీద పడుకుని, పైపుకు నోరు ఆనించి అరిచాడు. మిట్టమధ్యాహ్నం. చుట్టుపక్కల నీటిచుక్క లేదు, మేం తెచ్చుకున్న సీసా కూడా ఖాళీ. గొప్ప తెలివైన పని చేశామని మురిసిపోయాం.

ఇంటికొచ్చి వింటే, ఆఖరి పాటలో వాడి గొంతు ఆగాక నీళ్ల చప్పుడు. బోరులో నీళ్లు పడినప్పుడు పైపులోంచి ఎగదన్నుకొచ్చే చప్పుడు, దాదాపు అర నిమిషం. గిటారు ట్రాకులో లేదు, డ్రమ్స్ ట్రాకులో లేదు. గొంతు ట్రాకులోనే ఉంది. మాకు భయం వేయలేదు, అదృష్టం అనుకున్నాం. అట్లాగే ఉంచి కాపీలు తీసి పంచాం. ఆ నీళ్లు ఎక్కడ రికార్డు చేశారని హుబ్లీ నుంచి ఒక కుర్రాడు ఉత్తరం కూడా రాశాడు. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

తప్పు నాదే. నవ్వుకుంటాడని నాగరాజు నాయన నారాయణప్పకు నేనే వినిపించాను. ఆయన నవ్వలేదు. మూడుసార్లు పెట్టించుకుని విన్నాడు.

"నీళ్లుండాయప్పా. ఇంగా కిందికి పోవల్ల," అన్నాడు.

"అది టేపులో చప్పుడు నాయనా, దాన్ని నమ్ముకోవద్దు," అని నాగరాజు కాళ్లావేళ్లా పడ్డాడు. ఆయన వినలేదు. ఆ బోరున్న ముక్క తప్ప మిగతా చేనంతా అమ్మి, దాన్నే ఇంకా లోతుకు తవ్వడానికి రిగ్గు లారీని పిలిపించాడు.

పొద్దున మొదలుపెడితే పొద్దువాలేదాకా తెల్లదుమ్మే లేచింది. చెమ్మ కూడా తగల్లేదు. రిగ్గువాళ్లు రాడ్లు విప్పుకుంటుంటే, గంగమ్మకని తెచ్చిన పసుపు కుంకుమ పళ్లెం ఆయన చేతిలో అట్లాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే పాట మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. నాగరాజు గొంతు ఆగింది. తర్వాత టేపు తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. అసలు టేపు వేశాను, మిగిలిన కాపీలన్నీ వేశాను. ఎందులోనూ లేదు. హుబ్లీ కుర్రాడికి ఉత్తరం రాస్తే, తన దాంట్లోనూ ఇప్పుడు వినబడటం లేదని జవాబిచ్చాడు.

"నా నీళ్లు యాడ పెట్టినార్రా?" అని అడిగాడు నారాయణప్ప. కోపంగా కాదు, మెల్లిగా.

నాగరాజు మళ్లీ పాడలేదు. ఆ ముక్క కూడా అమ్ముకుని తండ్రీకొడుకులు బెంగళూరు పోయారు. నారాయణప్ప ఒక బిల్డింగుకు వాచ్‌మన్ అయ్యాడు. ఆ చప్పుడు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంతమందిని అడిగినా తేలలేదు.

ఆయన అప్పుడప్పుడు బూత్ నుంచి ఫోన్ చేసి ఒకటే అడిగేవాడు.

"దొరికినాయాప్పా?"

లేదు మామా అనేవాణ్ణి. చివరిసారి గొంతు మరీ నీరసంగా ఉంటే, దొరికినాయని అబద్ధం చెప్పాను.



"అట్లయితే చేనికి నీళ్లు కట్టు అప్పా, ఎండిపోతాండాది," అన్నాడు.