ముసల్దాని కుడి తలుపు

మా తమ్ముణ్ణి వీధిలో అందరూ తీగ మేస్త్రి అంటారు. వాడు చేసేది కుట్టుమిషన్ల రిపేరు. కానీ ఏ వస్తువు విరిగినా, ఊడినా, వదులైనా వాడి చెయ్యి ముందు ఇనుపతీగ మీదికే పోతుంది. మా ఇంట్లో కప్పు చెవికి తీగ, కుర్చీ కాలికి తీగ, గేటు గడియకి తీగ, చివరికి వాడి కళ్ళజోడుకీ తీగే. "ఈ కొంపలో తీగ కట్టకుండా మిగిలింది నేనొక్కదాన్నేరా. నా మోకాళ్ళకి కూడా ఓ చుట్టు చుట్టెయ్, పీడా పోతుంది" అనేదాన్ని. వాడు నవ్వి, "ఉన్నదాంతో నడిపించుకోవాలక్కా. సామాను వచ్చేదాకా పని ఆగుతుందా?" అనేవాడు.

వాడి కట్టుకి ఒక పద్ధతి ఉంది. తీగని రెండు పేటలుగా చుట్టి, బిగించి మెలితిప్పి, కొసని లోపలికి మడిచేస్తాడు, ఎవరి చేతికీ గుచ్చుకోకుండా. కటింగ్ ప్లయర్ లేకుండా దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు. ఒకసారి గేటు దగ్గర నేను పంతానికి పోయి గోళ్ళు విరగ్గొట్టుకుని, వాడి ఏడు తరాల వాళ్ళనీ కలిపి తిట్టాను. అందులో నేనూ ఉన్నానని తరవాత తట్టింది.

ఆ కట్టు ఇంట్లో ఇంకొకడికే వచ్చు. వాడి కొడుకు, నా మేనల్లుడు. నాకు పిల్లలు లేరు, తమ్ముడి ఇంట్లోనే ఉంటూ జాకెట్లు కుట్టుకుంటాను. ఆ పిల్లాడు సగం నా ఒళ్ళోనే పెరిగాడు. బడి సంచి తాడు తెగితే కొత్తది కొనమని ఏడవకుండా తండ్రి దగ్గర కూర్చుని తీగ మెలితిప్పడం నేర్చుకున్నాడు. చీపురుపుల్లలా ఉండేవాడు కాబట్టి బక్కోడని పిలిచేదాన్ని. సైన్యంలో చేరి భుజాలు ఇంతింత చేసుకుని సెలవుకొచ్చినప్పుడు, "అత్తా, ఇంకా బక్కోణ్ణేనా?" అని మూతి ముడిచాడు. "నీకు తొంభై ఏళ్ళొచ్చినా బక్కోడివేరా" అన్నాను. నా నోట్లో మన్ను పడ.

సైన్యంలో వాడికి సరుకులు మోసే ఓ పాత ట్రక్కు అప్పగించారు. దానికి వాడికన్నా వయసు ఎక్కువ. ముసల్ది అని పేరు పెట్టాడు. ముసల్ది ఇవాళ దగ్గుతోందనీ, ఎత్తు ఎక్కమంటే అలిగి కూర్చుందనీ ఫోన్లో కబుర్లు చెప్పేవాడు. ఫొటోలు పంపేవాడు. ఒక ఫొటోలో స్టీరింగు ముందున్న రేకు మీద మేకుతో గీకిన అక్షరాలు కనిపించేవి: ముసల్ది. సర్కారు బండి మీద ఆ గీతలేమిట్రా అంటే, "దాని పేరు దానికి తెలియాలి కదత్తా" అన్నాడు.

ఒక కొండదారిలో దిగుతుండగా ముసల్దాని బ్రేకులు పోయాయి. బక్కోడు పోయాడు.

ఆఫీసరు ఒకాయన ఇంటికొచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుని చెప్పాడు. "వెనకున్నవాళ్ళు దూకేశారు. పక్కన కూర్చున్నవాడూ దూకి బతికాడు. మీ అబ్బాయికీ దూకే వీలుంది. ఎందుకో దూకలేదు. చివరిదాకా బండిని కాపాడాలనే చూసి ఉంటాడు." మంచి మనసుతోనే అన్నాడు ఆ మహానుభావుడు. కానీ ఆ ఎందుకో అన్న మాటని మా ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. అది మా తమ్ముణ్ణి పట్టుకుంది.

ఎందుకంటే ఆ ముందురోజే బక్కోడు ఫోన్ చేశాడు. తమ్ముడు ఒళ్ళో మిషను విప్పుకుని కూర్చుని ఉన్నాడు. పక్క గదిలో ఉన్న నాకు తమ్ముడి మాటలన్నీ వినబడ్డాయి. "నా వల్ల కావట్లేదు నాన్నా, మానేసి వచ్చేస్తా" అన్నాడట వాడు. వీడికి ఎక్కడ లేని కోపం వచ్చింది. "మధ్యలో వదిలేసి వచ్చేవాడివైతే ఈ గుమ్మం తొక్కకు" అన్నాడు. కోపంలో ఏ తండ్రైనా అనే మాటే. అన్నం వేళకి మరిచిపోయే మాటే. కానీ మర్నాడు వాడు లేడు.

"వీలుండీ దూకలేదంటే ఏమిటక్కా అర్థం? దూకి ఎక్కడికి రావాలి వాడు? గుమ్మం తొక్కొద్దన్నాను కదా" అనేవాడు తమ్ముడు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, అలాంటి పిల్లాడు కాదురా, ప్రాణమంటే తీపి ఉన్నవాడురా అని. వింటేనా! నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఒకరోజు ఇంటి ముందరి దుకాణం వెనక గదిలో బల్ల ఖాళీ చేసి, టిన్ను రేకులు ముందేసుకుని కూర్చున్నాడు. ముసల్దాన్ని చేస్తాడట. ఇరవై నాలుగో వంతు కొలతకి, ఒక్కో మరమేకు తలతో సహా. అందులో వాడి సీటు చేసి, వాడి పక్కన తలుపు చేసి, వాడెందుకు దూకలేదో చూస్తాడట.

పాత ఇనుప సామాన్ల దుకాణంలో అదే రకం ట్రక్కు ఒకటి తుప్పు పట్టి పడి ఉందని తెలిసి టేపు పట్టుకుని వెళ్ళాడు. దాని ప్రతి మూలా కొలిచాడు. బల్ల ఎదురు గోడకి బక్కోడు పంపిన ఫొటోలు అంటించాడు. బజార్లో కొన్నది ఒక్కటీ లేదు. సైకిలు ట్యూబు ముక్కలు టైర్లయ్యాయి, బాబిన్లు చక్రాలయ్యాయి, మిషను సూదులు ఇరుసులయ్యాయి. రేకు వెనకనుంచి మొద్దు సూదితో ఒత్తితే ముందువైపు మరమేకుల తలలు వరసగా లేచేవి. ఒక్కటి వంకర పోయినా ఆ రేకు పారేసి మళ్ళీ మొదటినుంచి. పక్కన జనం ఇచ్చిన కుట్టుమిషన్లు దుమ్ము కొట్టుకుపోతున్నాయి. వాళ్ళొచ్చి నా మీద అరవడం, నేను వీడి మీద అరవడం. "ఒరేయ్, ఆ తలుపులు చేసింది చాలు, ముందు దుకాణం తలుపు తియ్యి" అనేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వెనక టార్పాలిన్ మటుకు నన్ను కుట్టమన్నాడు. పాత గొడుగు గుడ్డ తీసుకుని, ముప్ఫై ఏళ్ళ చేతివాటంతో సన్నగా కుట్టి ఇచ్చాను. భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచాడు. "అక్కా, ఈ లెక్కన అసలు బండి మీద నీ కుట్టు బెత్తెడు ఉంటుంది." నాకు ఒళ్ళు మండింది. "అయితే చీమని పిలిచి కుట్టించుకో" అని కత్తెర విసిరేసి వచ్చాను. మర్నాడు మళ్ళీ నేనే వెళ్ళి, కుట్టు విప్పి, జిగురుతో అతికించి, కుట్టులా కనబడేలా సూదిమొనతో గాట్లు పెట్టి ఇచ్చాను. ఏం చెయ్యను? అది బక్కోడి బండి.

మా మరదలు మటుకు ఆ గదిలో అడుగు పెట్టలేదు. టీ తెచ్చి గడప మీద పెట్టి వెళ్ళిపోయేది. "వదినా, మీ తమ్ముడికి మీరైనా చెప్పండి. నా బిడ్డని మింగినదాన్ని ఆయన కడుపున పుట్టినదానిలా తుడుస్తున్నారు. నేను చూడలేను" అని నా భుజం మీద పడి ఏడ్చింది ఒకరోజు. ఇద్దరిలో ఎవరికి చెప్పను? ఎవరిది తప్పు? వంటింట్లో ఒకరు, వెనక గదిలో ఒకరు. మధ్యలో నేను కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది కుడి తలుపు, డ్రైవరు తలుపు. సూది ముక్కతో బందు, బాబిన్ కేసులోని చిన్న స్ప్రింగుతో గొళ్ళెం, బియ్యపుగింజంత పిడి. అది అయిన రోజు నన్ను పిలిచి చూపించాడు. పిడిని గోటితో తాకాడు. తలుపు టక్కున తెరుచుకుంది.

"చూశావా అక్కా! ఎంత తేలిగ్గా వస్తోందో. చెయ్యి చాపితే అందేంత దగ్గర. తాకితే చాలు."

మూశాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ మూశాడు. ఆ టక్కుమనే చప్పుడు వినలేక నేను చెవులు మూసుకున్నాను. ఆ రోజునుంచి వాడికి అదే పని. బండి పూర్తయింది, రంగు వేశాడు, లోపల పేరు గీకాడు, వెనక పనిముట్ల పెట్టెలో స్పానర్లు, కటింగ్ ప్లయర్ కూడా చేసి పెట్టాడు. అయినా ఆ తలుపు దగ్గరే కూర్చుని తీస్తూ, మూస్తూ ఉండేవాడు. మనిషి సగమయ్యాడు. వీణ్ణి కూడా పోగొట్టుకుంటాననే భయం నన్ను పట్టుకుంది.

అప్పుడు వచ్చాడు ఆ పక్కసీటు అబ్బాయి. దూకి బతికినవాడు. నడుము విరిగి ఇన్నాళ్ళూ ఆసుపత్రుల్లోనే ఉండి, చేతికర్ర సాయంతో నడవడం రాగానే మమ్మల్ని చూడాలని వచ్చాడట. బక్కోడు పిలిచినట్టే నన్ను అత్తా అన్నాడు. నా గుండె చెరువైంది. మరదలు కుర్చీ వేసింది. కూర్చోబోతూ ఆ కుర్చీ కాలికున్న తీగ చూసి అలా నిలబడిపోయాడు. నేను నడుం నొప్పేమో అనుకున్నాను.

తమ్ముడు వాణ్ణి వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. ముసల్దాన్ని చూడగానే ఆ అబ్బాయి మొహం విచ్చుకుంది. "అమ్మ బాబోయ్! అచ్చం అదే బాబాయ్! పేరు కూడా గీకారా! పెట్టెలో ప్లయర్ కూడానా!" అని నవ్వుతూ, ఆ నవ్వులోనే ఏడ్చేశాడు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. గోటితో పిడిని తాకాడు. తలుపు తెరుచుకుంది.

"నువ్వు పక్కనే ఉన్నావు. నిజం చెప్పు బాబూ. వాడెందుకు దూకలేదు? నేనన్న మాటకేనా?"

"ఏం మాట బాబాయ్?"

"గుమ్మం తొక్కొద్దన్నాను."

"అయ్యో, అదా! ఆ పొద్దున నాకు చెప్పి నవ్వాడు. 'మా నాన్న తిట్టాడు. ఇంకో వారం పోతే ఆయనే ఫోన్ చేసి రమ్మంటాడు చూడు' అన్నాడు. దానికి దూకకపోవడమేంటి?" అంటూ తలుపు వైపు చూశాడు. "అయినా ఈ తలుపు ఇలా తెరుచుకునేది కాదు కదా బాబాయ్."

"కొలిచి చేశాను. అదే రకం బండిని."

"ఆ రకాన్ని కొలిచారు. ముసల్దాన్ని కాదు. దీని గొళ్ళెం ఎప్పుడో విరిగిపోయింది. మలుపు తిరిగితే చాలు, తలుపు దానంతటదే తెరుచుకునేది. కొత్త గొళ్ళెం అడిగితే, వస్తుంది ఆగమన్నారు. మావాడు ఆగే రకమా? తీగ తెచ్చి కట్టేశాడు. ఎక్కడమైనా దిగడమైనా ఇద్దరం నా వైపునుంచే."

ఫొటోల్లో ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంది. మూసి ఉన్న తలుపుని చూసి కట్టేసి ఉందని ఎవరనుకుంటారు?

ఆ అబ్బాయి ఇక ఆగలేకపోయాడు. "నన్ను దూకమని అరిచాడు. నేను దూకాను. ఆ వెంటనే బండి నా వైపుకే ఒరిగి, ఆ తలుపు కొండకి ఒత్తుకుపోయింది. ఇక వాడికి దారి ఈ తలుపే. భుజంతో గుద్దుతున్నాడు బాబాయ్. నాకు వినబడింది. ప్లయరేమో వెనకాల పెట్టెలో ఉంది. బండి నుజ్జయింది, తీగ ఎవరి కంటా పడలేదు. డ్యూటీ బండికి సొంతంగా తీగ కట్టాడంటే తప్పు వాడి మీదికి తోస్తారని నేనెవరికీ చెప్పలేదు."

"ఎలా కట్టాడు?" అన్నాడు తమ్ముడు.

"రెండు పేటలు. మెలితిప్పి, కొస లోపలికి. 'ఇది మా నాన్న కట్టు, ఏనుగు లాగినా ఊడదు' అనేవాడు. ఎంత గొప్పగా చెప్పుకునేవాడో."

తండ్రికి సంతోషం కలుగుతుందనే అన్నాడు పిచ్చి సన్నాసి. తమ్ముడు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా మాటకి కాదన్నమాట. నా పనికి."

నేను ఆ అబ్బాయి మీద విరుచుకుపడ్డాను. "పోయినవాడు ఎలాగూ రాడు, ఉన్నవాణ్ణి చంపడానికి వచ్చావా?" అన్నాను. వాడు కర్ర మీద వాలి నిలబడి ఏడుస్తున్నాడు. వాడిది మాత్రం ఏం తప్పు? నాకు ఎవరినో ఒకరిని తిట్టాలని ఉంది, తిట్టడానికి ఎవరూ లేరు.

తమ్ముడు బల్ల ముందు కూర్చున్నాడు. కాలిపోయిన ఓ మోటారు చుట్టలోంచి వెంట్రుకలాంటి రాగితీగ లాగి, కొలిచి తుంచాడు. అంత అందంగా చేసిన గొళ్ళెం చిమటాతో పట్టుకుని ఊడదీసేశాడు. తలుపు వేలాడింది. దాన్ని మూసి, పక్క స్తంభానికి కలిపి తీగ రెండు పేటలు చుట్టాడు. మెలితిప్పాడు. కొసని లోపలికి మడిచాడు. తరవాత పిడి మీద గోరు పెట్టి నెట్టాడు. తలుపు కదల్లేదు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు.

గుమ్మంలో మా మరదలు నిలబడి ఉంది. అంతా విందని మొహమే చెబుతోంది. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది. బల్ల మీదికి వంగి, ముసల్దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి గోళ్ళతో ఆ తీగ విప్పడం మొదలుపెట్టింది. రావడం లేదు. గోరు జారిపోతోంది. మళ్ళీ పెడుతోంది. "రాదేంటి, రాదేంటి ఇది" అని గొణుక్కుంటోంది. చూడలేక నేను గోడకున్న కటింగ్ ప్లయర్ తీసుకుని దగ్గరికి వెళ్ళాను.

తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దక్కా. ప్లయర్ వెనకాల పెట్టెలో ఉంది."

నేను అలాగే నిలబడిపోయాను. మరదలు లాగుతూనే ఉంది.