పెన్నుకు మూత పెట్టే అమ్మాయి

"చరిత్ర చదివి గోరీలు తవ్వుతావుటే?" అని బాబాయి ఎకసెక్కాలాడుతున్న రోజుల్లో, యూనివర్సిటీ ఆ అమ్మాయిని ఇంటర్న్‌షిప్‌కు ఉచిత న్యాయసహాయ కేంద్రానికి పంపింది. ఎవరొచ్చినా పెన్నుకు మూతపెట్టి, కుర్చీని వాళ్ల పక్కకు లాక్కునేది. వృద్ధుల జ్ఞాపకాలు సేకరించడానికి చరిత్ర క్లాసులో నేర్పిన పద్ధతే అది: ముందు వినడం, తర్వాతే రాయడం. ఒకరోజు, ఏళ్లుగా అద్దెకుంటున్న ఇంట్లోంచి, నిన్నగాక మొన్న చొరబడ్డావంటూ యజమాని వెళ్లగొడుతున్న ముసలామె వచ్చింది. "అద్దె రసీదుల్లేకుండా ఏం చెయ్యనమ్మా?" అని కేంద్రంలోని లాయరమ్మ చేతులెత్తేసింది. ఈ అమ్మాయి పక్కన చేరి, "ఆ ఇంట్లో మీకు బాగా గుర్తున్న రోజేది పెద్దమ్మా?" అంది. ముసలామె చెప్పడం మొదలెట్టింది. "నా పెద్దాడు అక్కడే పుట్టాడు తల్లీ. కాన్పు చేసిన నర్సు ఇంకా ఆ వీధిలోనే ఉంది." నర్సు సాక్ష్యంతో ఇల్లు నిలిచింది. "చదువవగానే ఇక్కడికే రా," అంది లాయరమ్మ. వచ్చింది. కాగితం లేనివాళ్ల బతుకూ చరిత్రే కదా! గోరీల బాబాయే ఇప్పుడు ఇరుగుపొరుగును వెంటబెట్టుకొస్తాడు. ఆమె పెన్నుకు మూత పెడుతుంది.