వెనక్కి వాలి ఎక్కే మనిషి

కొడకండ్ల దగ్గరి ఒక ఊళ్లో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే రోజుల్లో, ఒక గీత కార్మికుడి మీద నాకు పుట్టిన ఈర్ష్య ఇంతా అంతా కాదు. నవ్వుతారేమో, నవ్వండి. ఆయన ఏడో తరగతి దాటలేదు. నాకేమో ఎమ్మెస్సీ పట్టా ఉంది.

ఆయన కూతురు మా క్లాసులో అందరికంటే చురుకు. నా పిల్ల అనే అనుకునేదాన్ని. వారం రోజులు ఘర్షణ బలం చెప్పాను. బోర్డు నిండా వాలుబల్ల, దాని మీద పెట్టె, చుట్టూ బాణాలు గీశాను. అందరూ తలలూపారు, ఒక్కరికీ ఎక్కలేదు. అప్పుడు ఆ పిల్ల లేచి, తాటిచెట్టు ఎక్కేవాళ్లు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే మోకు గురించి చెప్పింది. భయపడి చెట్టును కావలించుకుంటే కాళ్లు జారతాయట. మోకును నమ్మి వెనక్కి వాలితే పాదాలు చెట్టును గట్టిగా అదుముతాయి, పట్టు పెరుగుతుంది. క్లాసంతా నోళ్లు తెరుచుకుని విన్నది. ఎవరు చెప్పారని అడిగితే, మా బాపు అంది.

నాకు కడుపు మండిపోయింది. జనగామలో సైన్స్ ఫెయిర్‌కు మా బడి నుంచి ఒకే నమూనా పోవాలి. తాను మోకు తీసుకెళ్తానంది ఆ పిల్ల.

"మీ బాపు చెప్పిందాంట్ల తప్పున్నది. వెనక్కి వాలితే జారుతది. చెట్టుకు దగ్గరగ ఉంటెనే పట్టు" అన్నాను.

అబద్ధమని తెలిసే అన్నాను. నేను చేయించిన బెలూన్ బండినే పంపాలని తేల్చేశాను.

మర్నాడు ప్రార్థన కాకముందే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"బాపుకు చెప్పిన మేడం. మేడం సదువుకున్నది, ఆమె మాటనే కరెక్టయితది, ఇయ్యాల్టి సంది చెట్టుకు దగ్గరగ ఎక్కుత అన్నడు."

ప్రార్థనకు కూడా ఆగలేదు. ఆ పిల్లను స్కూటీ ఎక్కించుకుని తాటివనానికి పోయాను. ఆయన అప్పటికే సగం చెట్టు మీద ఉన్నాడు. పిలిస్తే ఉలిక్కిపడతాడేమోనని నోరు నొక్కుకుని కిందే నిలబడ్డాను. ఆయన దిగేదాకా నా ప్రాణం నాలో లేదు.

దిగి తలగుడ్డతో చెమట తుడుచుకున్నాడు.

"మీరు చెప్పినట్టే ఎక్కుదామనుకున్న మేడం. కాళ్లు ఇనలే. ఏమనుకోకుండ్రి."

నేను చెప్పింది అబద్ధమనీ, ఆయన మాటే నిజమనీ, ఓర్వలేకనే అలా అన్నాననీ అంతా కక్కేశాను. పాత పద్ధతి మార్చొద్దని బతిమాలితే సరేనన్నాడు గానీ, నేను అబద్ధం చెప్పానంటే మాత్రం నమ్మలేదు. తనను చిన్నబుచ్చడం ఇష్టంలేక అలా అంటున్నాననుకుని మొహమాటంగా నవ్వాడు. పక్కనే నిలబడ్డ కూతురు నమ్మింది.