మా మేనత్త అనుమానించిన చందమామ

పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే బెంగళూరు నుంచి మేనకోడలు ఒక బొమ్మ పంపింది. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో ఒకటి, యూరోపా. ఒళ్ళంతా తెల్లటి ఐసు, దానిమీద ఎవరో గోళ్ళతో రక్కినట్టు ఎర్రటి గీతలు. ఎప్పుడో పాత వ్యోమనౌక తీసిన ఫోటోని ఇప్పుడు కొత్తగా శుభ్రం చేశారట. చేసింది మా పిల్లే. కింద "బాగుందా మావయ్యా?" అని రాసింది. బాగుందని రాయబోయి ఆగిపోయాను. ఇలాంటి బొమ్మనే చూసి బాగుందని ఒప్పుకోని మనిషి గుర్తొచ్చింది. మా మేనత్త, ఈ పిల్లకి నాయనమ్మ.

అత్త దివిసీమలో పుట్టి, బందరు గిలకలదిండికి కోడలుగా వచ్చి, చేపలమ్మి కొడుకుని పెంచింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. సరుకు కొనేటప్పుడు పండుగప్ప మొప్ప ఎత్తి చూడటంతో సరిపెట్టదు, చూపిస్తున్నవాడి మొహం కూడా చూస్తుంది. గుడివాడలో మా ఇంటికి భోజనానికొచ్చినా "చేప ఎవరి దగ్గర కొన్నావమ్మా?" అని మా ఆవిడని ఆరా తీశాకే ముద్ద కలిపేది. మా ఆవిడకి ఒళ్ళు మండేది, నాకు నవ్వొచ్చేది. దివిసీమ ఉప్పెనలో అయినవాళ్ళని పోగొట్టుకున్న మనిషి. ఆ అనుమానం అక్కడ మొదలైందో, పుట్టుకతోనే ఉందో నాకు తెలియదు.

మేనకోడలు గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివి, అంతరిక్షం నుంచి వచ్చే ఫోటోలమీద పని నేర్పే చదువుకి బెంగళూరులో సీటు తెచ్చుకుంది. వాళ్ళ నాన్న, అంటే మా బావ, బోటు మీద వేటకెళ్ళే మనిషి. "అమ్మ ఊ అంటే నేనూ ఊ" అని తప్పుకున్నాడు. నాయనమ్మ కాదంటే సీటు పోయినట్టే. పిల్ల నన్ను తోడు తీసుకెళ్ళి, అత్త ముందు ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మ చూపించింది. "ఈ ఐసు కింద పెద్ద సముద్రం ఉందంటున్నారు నాయనమ్మా!"

అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని వంగి చూసింది. "అంత ఐసు ఎవరు పోశారే?"

"ఎవరూ పోయలేదు. అదే గడ్డకట్టింది."

"ఊరికే గడ్డకడుద్దా? ఐసు ఎక్కువేశారంటే కింద సరుకు చెడినట్టే."

పిల్లా నేనూ నవ్వాం. అత్త నవ్వలేదు. గీతలమీద వేలు పెట్టి, "ఈ ఎరుపు అసలుదేనా?" అంది.

పిల్లకి అబద్ధం చేతకాదు. "కొంచెం ఉంది నాయనమ్మా. బాగా కనపడాలని మనవాళ్ళు పెంచుతారు" అంది. చెడిన చేప మొప్పలకి ఎర్రరంగు పూసి అమ్మినవాణ్ణి అత్త నడిబజార్లో కడిగేసిన సంగతి నాకు తెలుసు. అనుకున్నంతా అయింది. "రంగు పూసి అమ్మే చదువా? దీనికా అంత దూరం? మూసెయ్యి" అంది.

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ మూయలేదు. రంగు వేయని ఫోటో తెరిచింది. అంతా బూడిదరంగు, అడ్డంగా చారలు, ఒక మూల ఫోటో రాక నల్లగా ఖాళీ. అత్త తల అటూ ఇటూ తిప్పి దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది అసలుది. మోసం చేసేవాడు సరుకుని ఇంత వికారంగా చూపించడు" అంది చివరికి. "రంగేసుకో. కానీ పక్కన ఇది కూడా పెట్టు. పెడతానంటే వెళ్ళు."

పిల్ల ఆవిడ మెడ చుట్టూ చేతులేసింది. అత్త విడిపించుకుని, "ఇంతకీ ఆ సముద్రం ఉందో లేదో ఎప్పుడు తేలుద్ది?" అని అడిగింది. కొత్త నౌక ఒకటి బయలుదేరిందనీ, అక్కడికి చేరడానికే ఏళ్ళు పడుతుందనీ పిల్ల మెల్లగా చెప్పింది.

"అప్పటికి నేనుంటానా?"

పిల్ల ల్యాప్‌టాప్ మూసింది.

"అదీ సంగతి! నేను అడగడానికి లేనప్పుడు చూసి పెట్టారు గడువు" అని గొణుక్కుంటూ లోపలికెళ్ళిపోయింది.

అత్త నిరుడు పోయింది. ఆ నౌక ఇంకా దారిలోనే ఉంది. ఆవిడ జన్మంతా పడ్డ అనుమానాల్లో సగానికి సగం ఉత్తవే. ఆ గడువు మీద పడ్డ అనుమానం మాత్రం, నేనెంత వద్దనుకున్నా, నిజమై కూర్చుంది.